చందమామ రాజం పెండ్లాం కట్టిన రుమాలు

వెంకటనర్సమ్మకు ఆ ఫోటో అంటే మొదటినుంచీ గిట్టదు. గట్టుప్పల్‌లో ఆ ఇంటికి ఎవరు వచ్చినా ముందు దాన్నే చూస్తారు. లక్ష్మీదేవి పటానికీ మార్కండేయుడి పటానికీ నడుమ, దేవుళ్లను చెరో పక్కకు నెట్టి, నల్ల చట్రంలో అది వేలాడుతుంటుంది. పరుపు గలేబుల్లాంటి తెల్ల బట్టలు తొడుక్కుని, గాజు టోపీలు చంకన పెట్టుకుని ముగ్గురు తెల్లవాళ్లు పళ్లు ఇకిలిస్తుంటారు. ముగ్గురి కిందా ముగ్గురి సంతకాలు. దేవుళ్ల పటాలను ఆమె తడిగుడ్డతో తుడుస్తుంది. ఈ ముగ్గురికి మాత్రం చీపురే.

"చందమామ మీదికి పోయినోళ్లట. పోతే పోయిన్రు. మళ్ల మా గోడ మీదికెందుకు వచ్చిన్రు?" అంటుంది ఎవరైనా అడిగితే.

ఎవరూ అడగరు. వచ్చినవాళ్లంతా ఆమె మొగుడినే అడుగుతారు. రాజం చెప్పడానికే పుట్టాడు. గొంతు సవరించుకుని, కండువా భుజం మార్చుకుని, వెయ్యిన్నొక్కసారి చెప్పిన కథను ఇప్పుడే గుర్తొచ్చినట్టు మొదలుపెడతాడు. ఊరివాళ్లు ఆయనకు చందమామ రాజం అని పేరు పెట్టి యాభై ఏళ్లు దాటింది. ఆ పేరు విన్నప్పుడల్లా ముసలాయన నడుము కొంచెం నిటారవుతుంది.

అసలు జరిగిందేమిటో ఆమెను అడిగితే పది ముక్కల్లో చెబుతుంది. 1969లో మనిషి చంద్రుడి మీద కాలు పెట్టాడన్న మాట సహకార సంఘం రేడియోలో వచ్చింది. అప్పటికి ఆమె కాపురానికి వచ్చి ఏడాది, వయసు పదిహేడు. రాజం ఇరవై మూడేళ్లవాడు. రేడియో దగ్గరినుంచి పరుగున వచ్చి, మగ్గం గుంటలో కూర్చోకుండా వాకిట్లో అటూ ఇటూ తిరిగాడు.

"మన తాతలు ఆకాశంల విమానం కనవడితే రుమాల్ల విమానం నేసిన్రు. గోడ గడియారం వస్తే గడియారం నేసిన్రు. చందమామ మీద మనిషి దిగిండు, మనం ఊకుంటే ఎట్ల?" అన్నాడు.

ఆలోచన ఆయనదే. ఆ మాట ఆమె ఎప్పుడూ కాదనదు. పత్రికలో పడ్డ బొమ్మ చూసి గళ్ల కాగితం మీద పెన్సిలుతో గీసిందీ ఆయనే. ఆ గీసిన బొమ్మ చూస్తే నవ్వొచ్చేది. దిగిన వాహనం నాలుగు కాళ్ల కుంపటిలా ఉంది. మనిషి బియ్యం మూటలా ఉన్నాడు.

అయినా కాగితం మీద బొమ్మ గీస్తే గుడ్డ మీద వస్తుందా? తేలియా రుమాలు అంటే ముక్కు తుడుచుకునే రుమాలు కాదు. చేతులు రెండూ చాచినంత చదరపు గుడ్డ, ఎరుపు, నలుపు, తెలుపు. అందులో బొమ్మ నేతకన్నా ముందే నూలు మీద పుట్టాలి. పోగులు లెక్కపెట్టి, రంగు పట్టకూడని చోటల్లా సైకిల్ ట్యూబు పేలికలతో బిగించి కట్టాలి. దాన్నే చిటికి కట్టడం అంటారు. ఎరుపులో ముంచి, విప్పి, మళ్లీ కట్టి, నలుపులో ముంచాలి. పడుగుకూ కట్టాలి, పేకకూ కట్టాలి. ఒక్క పోగు జరిగితే మనిషి కాలు మెడలోకి పోతుంది. ఆ కట్టినది వెంకటనర్సమ్మ. కడుపుతో ఉండి, వాంతులు చేసుకుంటూ, నాలుగు నెలలు కట్టింది. వేలి కొసలు పగిలి రక్తం కారితే పసుపు అద్దుకుని కట్టింది.

రాజం ఇరవై రోజులు నేశాడు.

ఇరవై రోజులు నేసినవాడు నేతగాడయ్యాడు. నాలుగు నెలలు కట్టిన మనిషి ఆ ఇంటి ఆడది, అంతే. అక్కడి ఆనవాయితీ అది. మగ్గంలో కూర్చుని నాడె విసిరినవాడిదే గుడ్డ. మగ్గం ఆయన పేరు మీద, సంఘం కార్డు ఆయన పేరు మీద. ఆసు మీద నూలు పోసిన తల్లి, చిటికి కట్టిన పెండ్లాం, కండెలు చుట్టిన బిడ్డ, వీళ్ల పేర్లు ఎక్కడా ఉండవు. అప్పుడు ఆమెకూ అది తప్పనిపించలేదు. పదిహేడేళ్ల పిల్లకు ఏం తెలుస్తుంది? ఒళ్లు మండటం తర్వాత మొదలైంది, మండుతూనే ఉంది.

ఊళ్లో ఇంగ్లీషు వచ్చిన గోపయ్య మాస్టారు ఉత్తరం రాసి, రుమాలును పొట్లం కట్టించి అమెరికాకు పోస్టు చేయించాడు. తొమ్మిది నెలల తర్వాత ఒక కవరు వచ్చింది. అందులో ఈ ఫోటో, ఒక కాగితం. మాస్టారు సంఘం అరుగు మీద నిలబడి ఆ కాగితం చదివాడు. రాజం గారి హస్తకళా నైపుణ్యానికి ముగ్ధులయ్యారట, ఆ రుమాలును తమ ఇంట్లో భద్రంగా దాచుకున్నారట, ఇలా చాలాసేపు చదివాడు. ఊరు ఊరంతా చప్పట్లు కొట్టింది. కొడుకు అరుణ్ పదో తరగతికొచ్చాక ఆ కాగితం తీసి చూస్తే అందులో ఉన్నవి మూడు వాక్యాలు, అవీ అచ్చువి. మా యాత్రల పట్ల మీకున్న ఆసక్తికి కృతజ్ఞతలు అని ఉంది.

"బాపూ, అండ్ల రుమాలు ముచ్చటే లేదు. అది ముట్టిందో లేదో గూడ రాయలే," అన్నాడు కొడుకు.

రాజం వినపడనట్టు కండువా దులుపుకున్నాడు. గోపయ్య మాస్టారు చదివిందే ఆయనకు ఉత్తరం.

రోజులు గడిచాయి. తెలంగాణ వచ్చింది, కొడుకు చౌటుప్పల్ ఫ్యాక్టరీలో కుదురుకున్నాడు, కోడలు ఉష మగ్గం ఎక్కింది. చంద్రుడి మీద దిగి యాభై ఏళ్లయిందని 2019లో ఒక విలేకరి వచ్చి రాజం ఫోటో వేశాడు. ఆ పత్రిక ముక్కకు ముసలాయన ప్లాస్టిక్ తొడుగు వేయించాడు. ఆమె మాత్రం చిటికి కడుతూనే ఉంది. ఆ ఊరి ఫ్లోరైడు నీళ్లు తాగీ తాగీ మోకాళ్లు వంగిపోయాయి, నేల మీద కూర్చుంటే లేవడానికి గోడ కావాలి. వేళ్లు మాత్రం ఇంకా మాట వింటున్నాయి.

2024 ఫిబ్రవరిలో నల్గొండ నుంచి నరేశ్ వచ్చాడు.

నరేశ్‌కు మూడు ప్రైవేటు బడులున్నాయి. అంతకుముందు ప్లాట్లు అమ్మేవాడు. కిందటేడు ఆగస్టులో మన నౌక చంద్రుడి మీద దిగిందో లేదో, వారం తిరక్కుండా బడి పేరు ముందు స్పేస్ అని తగిలించి ఫీజు పెంచాడు. ఇప్పుడు బడిలో ఒక హాలు కట్టించి, చంద్రుడి మీదికి పోయినవాళ్ల సంతకాలు వేలంపాటల్లో కొని పెడుతున్నాడట. కారు దిగి, రాజం కాళ్లకు దండం పెట్టి, జేబులోంచి తెల్ల చేతితొడుగులు తీసి తొడుక్కుని అప్పుడు ఫోటోను ముట్టుకున్నాడు.

"చేతి చెమట తగిలితే ఖరాబైతది తాతా. ఎంత పాతదో ఎరుకనా ఇది," అన్నాడు.

"చీపురుతోని దులిపినా ఏం కాలే," అంది వెంకటనర్సమ్మ.

నరేశ్ నవ్వి ఊరుకున్నాడు. తర్వాత సంతకాల పురాణం అందుకున్నాడు. చంద్రుడి మీద ఆరుసార్లు దిగారు. మొత్తం పన్నెండు మంది నడిచారు. మొదటిసారి 1969లో, ఆఖరిసారి 1972లో, ఆ తర్వాత మనిషన్నవాడు పోలేదు. ఆ పన్నెండు మందిలో ఇప్పుడు బతికున్నది నలుగురే.

"ఒక్కొక్కరు పోతాంటే సంతకానికి డిమాండ్ పెరుగుతది అవ్వా," అన్నాడు ఉత్సాహంగా.

"ఛీ. సావుల కోసం ఎదురుచూసే పనా ఇది?" అంది ఆమె. "గంత దూరం పోయి ఏం తెచ్చిన్రు?"

"మట్టి, రాళ్లు. అన్నీ కలిపితే మూడున్నర క్వింటాళ్ల పైన."

"మర్రిగూడ దిక్కు వస్తే పైసా లేకుండ నింపిద్దును. మరి ఆడ ఏం జేసిన్రు?"

"నడిచిన్రు, జెండా పాతిన్రు. ఒకాయన బంతాట గూడ ఆడిండు. వాడిన సామాను, చెత్త సంచులు అన్నీ ఆడనే వదిలేసి వచ్చిన్రు, బరువైతదని."

"పన్నెండు మందిల ఆడది ఒక్కతి లేదా?"

"లేదవ్వా."

"ఉంటే తిట్టి ఊడ్పించేది," అని ఆమె పేలిక బిగించింది.

కానీ నరేశ్ చెప్పిన ఒక్క సంగతి ఆమె చేతిని ఆపింది. ఆ పోయినవాళ్లకు పెద్ద బీమా కట్టుకునే స్తోమత లేకపోయిందట. తిరిగొస్తామన్న నమ్మకమూ లేదు. అందుకని పోయే ముందు కూర్చుని కవర్ల మీద వందల కొద్దీ సంతకాలు చేసి ఇంట్లో ఇచ్చి పోయారట. తాము రాకపోతే పెండ్లాం పిల్లలు వాటిని అమ్ముకుని బతకాలని. అలాంటి కవర్లిప్పుడు నరేశ్ దగ్గర రెండున్నాయి.

వెంకటనర్సమ్మ తల ఎత్తి ఫోటో వైపు చూసింది. ఆ ముగ్గురి మీద యాభై ఏళ్లలో మొదటిసారి ఆమెకు కొంచెం జాలి కలిగింది. పక్క గదిలో కవర్ల మీద సంతకాలు చేస్తున్న మొగుడిని వంటింట్లోంచి చూస్తూ నిలబడ్డ ఆడమనిషి ఎలా ఉండి ఉంటుందో అనుకుంది.

"ఆ ఆడోళ్ల పేర్లేంది కొడుకా?" అని అడిగింది.

పోయినవాళ్ల పేర్లు, వాళ్ల నౌకల పేర్లు, అవి దిగిన గుంతల పేర్లు గడగడ చదివినవాడికి ఒక్క పెండ్లాం పేరు రాలేదు. రాజం సందు చూసుకుని తన కథ మొదలుపెట్టాడు.

నరేశ్ వచ్చింది రెండు పనుల మీద. ఒకటి, ఆ ఫోటోను తన హాల్లో పెట్టాలి. రెండోది, అప్పుడు అమెరికా పోయిన రుమాలు లాంటిదే ఇంకొకటి చేయించాలి. ఆగస్టు ఇరవై మూడున హాలు తెరుస్తాడు, ఆ రోజుకు కావాలి.

"అయితది బిడ్డా, అదెంత పని," అన్నాడు రాజం.

ఆయనకు డెబ్బై ఎనిమిదేళ్లు. చేతులు వణుకుతాయి. ఎడమ కంట్లో పొర. చాయ గ్లాసు పట్టుకుంటే సగం లుంగీ మీద పడుతుంది. వెంకటనర్సమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. తర్వాత నరేశ్‌తో ఒకటే మాట అంది.

"నేను కడత. నా కోడలు నేస్తది. కాని గుడ్డ పక్కన నా పేరు వెట్టాలె. పెడతనంటేనే ముడేస్త."

"అయ్యో అవ్వా, తప్పకుండ. అంతకన్నానా," అన్నాడు నరేశ్.

రాజం కండువా భుజం మార్చుకున్నాడు.

అయిదు నెలలు పట్టింది. పాత బొమ్మ ఎవరి దగ్గరా లేదు. కుంపటికి కాళ్లు ఎన్నో రాజానికి గుర్తు లేదు, మూడంటాడు, అయిదంటాడు. ఆమెకు గుర్తుంది, నాలుగు. ఏ కాలి దగ్గర ఎన్ని పోగులు వదిలిందో కూడా వేళ్లకు గుర్తుంది. ఎండాకాలమంతా రేకుల కింద కూర్చుని కట్టింది. చత్వారం కళ్లద్దాల మీద చెమట పడితే కొంగుతో తుడుచుకుని కట్టింది. పేరు రాయడం ఆమెకు వచ్చు, ఎప్పుడో వయోజన విద్య తరగతుల్లో నేర్చుకుంది. ఆ రాతను గుడ్డ పక్కన అచ్చులో చూసుకోవాలని ఉందని ఉషతో ఒకే ఒకసారి చెప్పింది. చెప్పాక సిగ్గుపడి కోడల్ని ఊరికే కసిరింది.

ఉష పన్నెండు రోజులు నేసింది. రుమాలు మగ్గం దిగిన రోజు అత్తాకోడళ్లిద్దరూ దాన్ని దండెం మీద వేసి చూశారు. మొదటిదానికన్నా బాగుంది. మనిషి ఇప్పుడు బియ్యం మూటలా లేడు, నడుస్తున్నట్టున్నాడు. రాజం మంచం మీంచి తల ఎత్తి, "నేను గీసిన బొమ్మ," అన్నాడు.

ఆగస్టు ఇరవై మూడున ముగ్గురూ బస్సెక్కి నల్గొండ పోయారు. బడి గేటుకు రంగు బుడగలు కట్టారు. పిల్లలకు తెల్ల రెక్సిన్ బట్టలు తొడిగి ఎండలో నిలబెట్టారు, పాపం చెమటకు ఉడికిపోతున్నారు. హాలు చల్లగా ఉంది. గోడల నిండా సంతకాలు. వారం ముందే నరేశ్ పట్టుకుపోయిన రుమాలు నడుమ గోడకు ఉంది, దాని పక్కన రాజం ఇంటి గోడ మీది ఫోటో. పాత నల్ల చట్రం తీసి బంగారు రంగు చట్రం వేయించాడు నరేశ్.

వెంకటనర్సమ్మ ఫోటోను చూడలేదు, గుడ్డనూ చూడలేదు. గుడ్డ కింద అట్ట మీద రాసింది కూడబలుక్కుని చదివింది. చంద్రయాత్ర తేలియా రుమాలు. కళాకారుడు, చందమామ రాజం, గట్టుప్పల్. కిందికి చూసింది. ఇంకేం లేదు. అట్ట వెనక్కి తిప్పి కూడా చూసింది.

"నా పేరేది?" అని నరేశ్‌ను పట్టుకుని అడిగింది.

"అవ్వా, జర అర్థం చేసుకో. చందమామ రాజం అంటే దానికి ఒక వజన్ ఉంది. పేర్లు ఎక్కువైతే చూసేటోళ్లకు గజిబిజి అయితది," అన్నాడు వాడు వాకిట్లోకి ఒక కన్నేసి. ముఖ్య అతిథి వచ్చింది, ఉరికాడు.

ఆమె మొగుడి వైపు చూసింది. ముసలాయన నేల వైపు చూశాడు. ఆ క్షణాన ఆయన్నక్కడే వదిలి బస్టాండుకు పోదామనిపించింది ఆమెకు. మోకాళ్లు సహకరించలేదు.

ముఖ్య అతిథి భాగ్యశ్రీ, కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైన మేడం. ముందు సన్మానం జరిగింది. నరేశ్ రాజానికి శాలువా కప్పాడు. వెంకటనర్సమ్మ ఆ శాలువా అంచు పట్టుకుని తిప్పి చూసింది. చిటికి డిజైను ఉంది. పైన ముదురుగా, వెనక వెలిసినట్టు ఉంది. అద్దకం! పవర్‌లూమ్ గుడ్డ మీద చిటికి బొమ్మను అచ్చు కొట్టి అమ్ముతారే, అది. ఎవరి నోటి కూడు తీసే గుడ్డో దాన్నే తెచ్చి నేతగాడికి కప్పాడు మహానుభావుడు. రాజం చేతులు జోడించి మురిసిపోతున్నాడు.

తర్వాత నరేశ్ మైకు పట్టుకుని రెండో ఫోటోను చూపించాడు. అదీ ఆ ముగ్గురిదే, అదే ఫోటో, అవే సంతకాలు. విదేశీ వేలంలో సర్టిఫికెట్‌తో సహా కొన్నాడట. రాజం ఇంటి ఫోటో పక్కనే దాన్ని వేలాడదీశాడు.

"సంతకం అంటే ఏంది? మనిషి చెయ్యి. చందమామను ముట్టిన చెయ్యి గీ కాగితాన్ని ముట్టింది. చెయ్యి తాకింది కాబట్టే దీనికి గింత విలువ," అన్నాడు.

చెయ్యి అన్న మాటకు వెంకటనర్సమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. లేచింది. గోడ పట్టుకుని నడిచి రెండు ఫోటోల ముందు నిలబడింది. ఒకే కట్టులో పుట్టిన రెండు రుమాళ్లు కూడా అక్కచెల్లెళ్లలా ఉంటాయి గానీ ఒక్కటిగా ఉండవు. చేత్తో చేసిన పనికి అంచు కొంచెం అటో ఇటో పోతుంది, అదే దాని గుర్తు. అరవై ఏళ్లుగా ఆ తేడాలు చూసిన కన్ను ఆమెది. ఆ కంటికి ఈ రెండింటిలో తేడా దొరకలేదు.

కొంగు అంచునుంచి ఒక పోగు లాగింది. మొదటి ఫోటో అద్దం మీద, మొదటి సంతకం కింద ఆ పోగును పరిచింది. గీత ఎక్కడ లేచిందో అక్కడ గోటితో ఒక ముడి. ఎక్కడ తిరిగిందో అక్కడ ఒక ముడి. ఎక్కడ ఆగి చుక్క పెట్టిందో అక్కడ ఒకటి. ఏడు ముడులు వేసింది. జనం నవ్వుతూ చూస్తున్నారు. ఆ పోగును తీసి రెండో ఫోటో మీద పరిచింది. ఏడు ముడులూ ఏడు చోట్ల కూర్చున్నాయి. వెంట్రుక వాసి తేడా లేదు.

"మేడం, జర ఇటు రా తల్లీ," అని భాగ్యశ్రీని పిలిచింది. "చేత్తోని రెండుమార్లు గిట్ల వస్తదా? గీ శాలువా ఎట్లనో గీ సంతకం గట్లనే. మిషిన్ది."

భాగ్యశ్రీ కళ్లద్దాలు సవరించుకుని చూసింది. పోగును తన చేత్తో పరిచి మళ్లీ చూసింది. రెండో సంతకానికీ మూడోదానికీ కొత్త పోగులు లాగి ముడులు వేయించింది. అన్నీ అంతే.

"ఆటోపెన్ అంటరమ్మా దీన్ని," అంది నెమ్మదిగా. "లోకమంతట నుంచి వేల ఉత్తరాలు వచ్చేవి. అందరికీ చేత్తో పెట్టలేక మిషిన్‌కు పెన్ను బిగించి పెట్టించేవాళ్లు. ఇట్లాంటివి శానా ఉన్నయి."

నరేశ్ మొహంలో నెత్తుటి చుక్క లేదు. వాడి సర్టిఫికెట్ చట్రంలో వాడినే చూసి వెక్కిరిస్తున్నట్టుంది. అక్కడున్న పెద్దమనుషులు కొందరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. పిల్లలకు అలాంటివేం లేవు, పకపకా నవ్వారు. అప్పుడు అందరూ రాజం వైపు తిరిగారు. యాభై ఏళ్లుగా మిషిన్ గీతకు దండం పెట్టిన ముసలాయన శాలువా కప్పుకుని కూర్చున్నాడు. ఆమెకు జాలి కలగలేదు. కలగనివ్వలేదు.

నరేశ్ తెలివైనవాడు. మునిగిపోతున్న సభను ఒక్క మాటతో లేపాడు. "సంతకం మిషిన్‌దైనా రుమాలు చేతిదే. అవ్వ కన్ను చూసిన్రు గద. అవ్వ పేరు గూడ ఇప్పుడే రాస్త," అని నల్ల మార్కర్ అందుకుని అట్ట ముందు వంగాడు. వంగి, తల తిప్పి, రాజాన్ని అడిగాడు. "తాతా, అవ్వ పేరేంది?"

ఆమెను అడగలేదు. ఆమె పక్కనే ఉంది, ఆమె చెంగు వాడి మోచేతికి తగులుతోంది. అయినా తాతనే అడిగాడు. వెంకటనర్సమ్మ నోటిదాకా వచ్చిన పేరును ఆపుకుంది. ఆయనతోనే చెప్పించాలనుకుంది.

ఆ తరం మగవాళ్లు పెండ్లాం పేరు నోటితో పలకరు. ఓయ్ అంటారు, మా ఇంటామె అంటారు, పిల్లల తల్లి అంటారు. పలికితే తమ మగతనానికేదో అవుతుందని వాళ్ల భయం. యాభై అయిదేళ్ల కాపురంలో రాజం ఒక్కసారి కూడా ఆ పేరు పలకలేదు. ఇప్పుడు నూరు మంది ముందు అడుగుతున్నారు. ఆయన గొంతు సవరించుకున్నాడు. కండువా కోసం తడిమితే శాలువా తగిలింది. ఆమె ఆయన నోటి వైపే చూస్తూ నిలబడింది.

"మా ఇంటామె," అన్నాడు రాజం.

నరేశ్ రాసేశాడు. శ్రీమతి చందమామ రాజం. చప్పట్లు మోగాయి.

వెంకటనర్సమ్మ ఆ అట్టను చదివింది. కోడలి వైపు చూసి, "ఉషా, గా దిక్కు పట్టు," అంది. ఇద్దరూ చెరో కొస పట్టి రుమాలును గోడమీంచి దింపారు.

"అవ్వా, ఇదేంది? ఆడ జాగా ఉత్తగైతది," అని నరేశ్ అడ్డం వచ్చాడు.

"దీనికి నువ్వింకా పైస ఇయ్యలే. గుడ్డ నాది. నీ జాగల గా శాలువా ఏలాడదియ్యి, మిషిన్ సంతకాలకు జోడైతది."

తిరుగు బస్సులో రాజం కిటికీ పక్కన కూర్చున్నాడు. ఫోటో తెచ్చుకోలేదు. చాలా దూరం వచ్చాక, "గంత మంది ముంగట నన్ను అంత పని చేస్తివి," అన్నాడు.

"నేనేం జేసిన? నా చేతి పని నీ పేరు మీద పోయింది. మిషిన్ చేతి పని వాళ్ల పేరు మీద వచ్చింది. లెక్క సరిపోయింది," అంది ఆమె. ఇంటికొచ్చాక నాలుగు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయన పళ్లెంలో అన్నం పెట్టేది, చప్పుడయ్యేలా పెట్టేది.

అయిదో రోజు పొద్దున ముసలాయన మంచం మీంచి లేచి, సుత్తె వెతుక్కుని, ఫోటో తీసిన చోట ఇంకో మేకు కొట్టాడు. చేతులు వణికి రెండుసార్లు వేలు మీద కొట్టుకున్నాడు. ఆమె చూసింది, లేవలేదు. రుమాలును ఆ రెండు మేకులకూ వేలాడదీశాడు. కొంచెం వంకరగా వచ్చింది.

ఆ మధ్యాహ్నం లింగస్వామి వచ్చాడు. వెనక వీధివాడు, నలభై అయిదేళ్లుంటాయి, మొన్నటిదాకా వార్డు మెంబరు. తల్లి కూలికి పోతే చిన్నప్పుడు రోజంతా ఈ ఇంట్లోనే పెరిగాడు, ఈ వాకిట్లోనే నడక నేర్చాడు. గోడ వైపు చూసి ఆగిపోయాడు.

"ఏం తాతా, ఫోటో ఏమాయె? గీ రుమాలు కొత్తదా? మంచిగుంది. నువ్వే నేసినవా?"

వెంకటనర్సమ్మ గడప దగ్గర కూర్చుని చిటికి కడుతోంది. ఆమె చేతిలో పేలిక ఆగింది.

రాజం గొంతు సవరించుకున్నాడు. ఒకసారి గోడ వైపు, ఒకసారి వాకిలి వైపు చూశాడు. తెలియని ఊరి పేరు అడిగినట్టు తడబడి, ఒక్కో అక్షరం కూడదీసుకుని చెప్పాడు.

"నేను కాదు. వెంకటనర్సమ్మ కట్టింది. ఉష నేసింది. ఆ మొదటిది, అమెరికా పోయింది గూడ... వెంకటనర్సమ్మనే కట్టింది."

లింగస్వామి తల గోక్కున్నాడు. గుర్తు తెచ్చుకోవడానికి కాసేపు నిజంగానే ప్రయత్నించాడు.

"వెంకటనర్సమ్మ ఎవలు తాతా? చౌటుప్పల్ దిక్కామెనా?"

రాజం తల వంచుకుని మంచం పట్టె గీరుతూ కూర్చున్నాడు. వెంకటనర్సమ్మ కాసేపు ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. తర్వాత పేలికను పంటితో పట్టుకుని బిగించి, ముడి వేసి, తల ఎత్తకుండానే అంది.

"నేనేరా. నీ చీమిడి ముక్కు తుడిచినదాన్ని."